బాతుపిల్లల కాళ్ళు, నాంచారి తిప్పలు

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆ దిండు కాస్త ఇటు జరుపు. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా, మరీ అంత అనగనగా కాదులే, కొల్లేటి పక్కన ఒక లంక ఊళ్ళో నాంచారి అని ఒక కోడలు ఉండేది. మొగుడు ఏడుకొండలు చేపల చెరువుల మీద పనికి వెళ్ళేవాడు. అత్త పేరు కోటమ్మ. అత్తంటే ఊరికే అత్త కాదు, సొంత మేనత్త. నాంచారి నాన్నకి అక్క. అందుకని నాంచారి ఆవిణ్ణి నోరారా "అత్తా" అనేది, మొగుణ్ణి "బావా" అనేది.

కోటమ్మ పెనిమిటి బతికున్నన్నాళ్ళూ బాతుల మంద మేపేవాడు. ఆయన పోయాక మంద వెంట తిరిగేవాళ్ళు లేక బాతుల్ని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. అప్పటినించి కోటమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునేది. పొద్దున కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి లేచేది. పిలిస్తే పలికేది కాదు. ఎవరైనా పలకరించడానికి వస్తే వాళ్ళ వెనకాల ఉన్న చెట్టుని చూస్తూ ఉండేది.

నాంచారి ఓపిక పట్టింది. పూల మొక్కలు తెచ్చి నాటమంది, కోటమ్మ నాటలేదు. వల అల్లుదాం రమ్మంది, రాలేదు. చివరికి నాంచారికి ఒక ఆలోచన వచ్చింది. పక్క ఊరు వెళ్ళి కాసిని బాతు గుడ్లు తెచ్చింది. బాతులకి పొదగడమంటే మహా బద్ధకం, తెలుసా. అందుకని వాళ్ళ ఎర్రకోడి కింద పెట్టి పొదగేసింది. పిల్లలు లేస్తే అత్త కూడా లేస్తుందని ఆశ.

ఆ తర్వాత ఆ ఆలోచన తనకెందుకు వచ్చిందా అని ఎన్నిసార్లు తల పట్టుకుందో లెక్క లేదు.

సరే, పిల్లలు లేచాయి. పసుపు ముద్దల్లాంటి పిల్లలు. ముక్కులు చప్పిడిగా, కాళ్ళు తామరాకుల్లా, ఒకదాని మీద ఒకటి పడుతూ కిచకిచమన్నాయి. ఎర్రకోడి వాటిని అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది. తన పిల్లలే అయినా ఇలా ఉన్నాయేమిటి అనుకుందేమో, ఒక నిట్టూర్పు లాంటిది విడిచి రెక్కల కింద దాచుకుంది.

అప్పుడు కోటమ్మ గోడ వదిలి లేచింది. నెమ్మదిగా వచ్చి గంప పక్కన కూర్చుంది. ఒక పిల్లని తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఏమే నాంచారీ, వీటికేమైనా పెట్టావా లేదా?" అంది.

ఎన్ని నెలల తర్వాత విన్న మాటో అది. నాంచారి వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నూకలు నానబెట్టానత్తా" అంది అక్కణ్ణించే.

"నూకలా," అంది కోటమ్మ. "పసిపిల్లలకి నూకలేంటే. ఆ సన్నబియ్యం డబ్బా ఇలా తే."

సన్నబియ్యమంటే చుట్టాలొస్తే వండేవి. మల్లెమొగ్గల్లా తెల్లగా ఉంటాయి. కోటమ్మ వాటిని మెత్తగా వండి, చల్లార్చి, చేత్తో నలిపి పిల్లలకి పెట్టింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. అత్త లేచి తిరుగుతోంది కదా అని నాంచారి ఏమీ అనలేదు. బియ్యం పోతే పోనీ అనుకుంది.

ఏడుకొండలికి కూడా అమ్మ లేచి తిరుగుతోందని పట్టరాని సంతోషం. తను కూడా ఏదో ఒకటి చెయ్యాలిగా. పిల్లలు బురదలో ఎందుకని అరుగు మీద చోటిచ్చాడు. అది కొత్తగా రాళ్ళు పరిచిన అరుగు, చెయ్యి పెడితే జారిపోతుంది. దాని మీద ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీ పరిచాడు. కడగడానికి వీలుగా ఉంటుందట. పెళ్ళికొడుకు మొహం మీద బాతుపిల్లలు సర్రున జారుతూ తిరిగేవి. చూసినవాళ్ళంతా ఎంత ముద్దుగా జారుతున్నాయో అని నవ్వేవారు.

పిల్లలు ఇట్టే పెరిగాయి. ఒళ్ళు చేశాయి. బంతుల్లా అయ్యాయి.

అప్పుడు ఒకరోజు ఒక పిల్ల తిండికి వస్తూ వస్తూ కూలబడింది. లేచింది, మళ్ళీ కూలబడింది. మర్నాటికి ఇంకో రెండు అలాగే అయ్యాయి. కాళ్ళు మడతపెట్టి వెనక్కి కూర్చుని, రెక్కలు తెడ్లలా వేసుకుంటూ తిండి దగ్గరికి దేకడం మొదలుపెట్టాయి. ఒకదానికి కాళ్ళు రెండూ రెండు వైపులకి విడిపోయాయి, కప్పని నేలకేసి నొక్కినట్టు. ఇంకొకదానికి కాలి కీలు ఉబ్బిపోయి పాదం పక్కకి తిరిగింది.

ఎర్రకోడి వాటిని ముక్కుతో పొడిచి లేపబోయింది. లేవకపోతే చిరాకుపడి గట్టిగా అరిచింది.

కోటమ్మ బెంబేలెత్తిపోయింది. "దిష్టి తగిలింది," అంది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదికీ దగ్గు వచ్చింది, పిల్లలు మాత్రం లేవలేదు. ఆ తర్వాత ఎవరో గాలి సోకిందన్నారు, గుమ్మానికి వేపమండలు కట్టింది. పిల్లలు లేవలేదు. ఆ తర్వాత ఇంకెవరో పసుపూ ఆముదమూ పట్టించమన్నారు. పట్టించింది. అసలే జారే ఫ్లెక్సీ, దాని మీద ఆముదం కాళ్ళు. ఇంక చెప్పేదేముంది. నిలబడగలిగినవి కూడా నిలబడలేదు.

నాంచారికి సహనం పోయింది. రెండు పిల్లల్ని బుట్టలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి పోయింది.

అక్కడ డాక్టరమ్మ పేరు ప్రసూన గారు. గేదెల మధ్య, దూడల మధ్య ఊపిరాడకుండా ఉన్నా బాతుపిల్లల్ని చూసి కూర్చోమంది. ఒక్కో కాలూ పట్టి మెల్లిగా చాపి చూసింది. కీళ్ళు తడిమింది. చేతికి అంటిన ఆముదం చూసి తుడుచుకుంది.

"ఏం పెడుతున్నారమ్మా వీటికి?" అని అడిగింది.

"సన్నబియ్యం అన్నమండి."

"ఇంకా?"

"ఇంకేం లేదండి. మా అత్త ప్రేమగా అదే పెడుతుంది."

"ఎక్కడ ఉంచుతున్నారు?"

నాంచారి చెప్పడానికి సిగ్గుపడింది. "ఫ్లెక్సీ మీదండి."

డాక్టరమ్మ అప్పుడు విడమరిచి చెప్పింది. బాతుపిల్లలు కోడిపిల్లల కన్నా తొందరగా పెరుగుతాయట. ఒళ్ళు ముందు పెరిగిపోతుంది, కాళ్ళు వెనకబడతాయి. కాళ్ళకి బలం రావాలంటే నయాసిన్ అనే విటమిన్ వాటికి కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలట. తెల్లగా మర పట్టిన బియ్యంలో అది పెద్దగా ఉండదు. మరలో పై పొరతోపాటు పోతుంది. పోయి తవుడులో చేరుతుంది.

"అంటే మేము పారేసిందాంట్లో ఉందాండీ?" అంది నాంచారి.

"పారేసిందాంట్లోనే ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "తవుడు ముద్ద చేసి పెట్టండి. మీ ఊళ్ళో చిన్న చేపలకి కొదవ లేదుగా, ఉడకబెట్టి నలిపి కలపండి. బూజు వాసన వచ్చే తవుడు, పాతబడిన నూనె చెక్క మాత్రం దగ్గరికి రానివ్వకండి, బాతులకి విషం. ఈ పొడి చెప్పినంత నీళ్ళల్లో కలిపి తాగించండి. ముద్ద పక్కన ఎప్పుడూ నీళ్ళుండాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. అది తిండి సంగతి. రెండోది నేల. ఆ ఫ్లెక్సీ తీసేసి గోనె పట్టా వెయ్యండి, కాలికి పట్టు దొరుకుతుంది. మూడోది నీళ్ళు. గోరువెచ్చటి నీళ్ళల్లో కాసేపు వదిలితే ఒంటి బరువు కాళ్ళ మీద పడకుండా కాళ్ళు ఆడిస్తాయి. తర్వాత పొడిగా తుడిచి వెచ్చగా ఉంచాలి."

కాళ్ళు విడిపోయినదానికి మెత్తటి గుడ్డ పేలిక తీసుకుని, రెండు కాళ్ళకీ మధ్య కాస్త ఎడం ఉండేటట్టు వదులుగా ఎలా కట్టాలో కట్టి చూపించింది. కీలు వాచినదాన్ని చూసి మాత్రం కొంచెం ఆగింది. "నరం పక్కకి జారింది. ప్రయత్నం చేద్దాం. మిగతావి లేచినంత బాగా ఇది లేవకపోవచ్చు," అంది.

ఆ తర్వాత బుట్ట అందిస్తూ ఇంకో మాట చెప్పింది. "కొద్దిరోజుల్లోనే తేడా కనిపించాలి. కనిపించలేదంటే, చెప్పింది ఇంట్లో జరగట్లేదన్న మాట."

ఆ మాట నాంచారి దారి పొడుగునా తలుచుకుంది. జరగకపోవడానికి ఏముంది, అనుకుంది. మూడే కదా అనుకుంది. పాపం.

ఇంటికొచ్చి ముందు ఫ్లెక్సీ లాగేసి గోనె పట్టా వేసింది. పిల్లల కాళ్ళకి ఆముదం కడిగేసింది. విడిపోయిన కాళ్ళకి పేలిక కట్టింది. తవుడులో చేప కలిపి ముద్ద పెట్టింది, పక్కన నీళ్ళు పెట్టింది. అన్నీ అత్తకీ మొగుడికీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. వాళ్ళు బుద్ధిగా తలూపారు. అప్పుడు తను చేపల చెరువు పనికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గోనె దండెం మీద ఉంది. పిల్లలు పెళ్ళికొడుకు మొహం మీద ఉన్నాయి.

"బావా, గోనె ఎవరు తీశారు?" అంది.

"నేనే," అన్నాడు ఏడుకొండలు. "గరుగ్గా ఉందే. లేత పాదాలు, గుచ్చుకుంటుందని."

"గుచ్చుకోవాలి బావా. అందుకే వేశాను."

"నీకేమైనా జాలుందా," అన్నాడు ఏడుకొండలు. నిజంగానే అడిగాడు.

నాంచారి గోనె వేసి పైన రెండు ఇటుకలు పెట్టింది. మర్నాడు ఇంటికొచ్చి చూస్తే గోనె ఉంది, ఇటుకలు ఉన్నాయి. కాళ్ళకి కట్టిన పేలిక లేదు. అది కోటమ్మ బొడ్లో దోపి ఉంది. "పసిపిల్లకి సంకెళ్ళేంటే. ఒకటే ఏడుపు. చూడలేక తీశాను," అంది కోటమ్మ.

నాంచారి మళ్ళీ కట్టింది. ఆ మర్నాడు గోనె ఉంది, పేలిక ఉంది. తవుడు ముద్ద మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. పిల్లలేమో పొట్టలు బానల్లా పెట్టుకుని పడుకున్నాయి. ఒకదాని ముక్కు మీద తెల్లటి మెతుకు అంటుకుని ఉంది.

నాంచారి ఆ మెతుకు తీసి అరచేతిలో పెట్టుకుని అత్త ముందుకి వెళ్ళి నిలబడింది. కోటమ్మ చెట్టు వైపు చూసింది.

ఇంక రోజూ ఇదే వరస. అరిస్తే అత్త మళ్ళీ గోడకి ఆనుకుని మాట మానేస్తుందేమోనని భయం. ఊరుకుంటే పిల్లలు పోతాయని భయం. సన్నబియ్యం డబ్బా అటక మీద పెడితే ఏడుకొండలు దింపి ఇచ్చాడు. "అమ్మ అడిగింది, ఏం చెయ్యను," అన్నాడు. నాంచారి మంచినీళ్ళు తాగి, గిన్నెలన్నీ గట్టిగా చప్పుడయ్యేలా తోమింది. ఇంకెవరి మీద తీర్చుకుంటుంది చెప్పు.

అలా రోజులు గడిచిపోయాయి. మొదట కూలబడ్డ పిల్ల ఒక పొద్దున తల ఎత్తలేదు. నాంచారి చూసేసరికి చల్లబడిపోయింది.

ఏయ్, కళ్ళు తుడుచుకో. మిగతావి ఉన్నాయి, విను.

నాంచారి దాన్ని పెరట్లో పాదు పక్కన గొయ్యి తీసి పెట్టింది. కోటమ్మ వచ్చి చూడలేదు. వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి, ఎవరి వైపూ చూడకుండా, "తవుడు పెట్టి చంపావే," అంది.

ఆ మాటతో నాంచారికి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ మింగినదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"ఎక్కడ పెట్టనిచ్చావత్తా," అంది. "నేను పెట్టిన ముద్ద ఒక్కటి దాని కడుపులోకి పోనిచ్చావా? నేలంటే నేల కాదు, కట్టంటే కట్టు కాదు, తిండంటే తిండి కాదు. డాక్టరమ్మ చెప్పింది నేను చేస్తున్నాను, నేను చేసింది మీ ఇద్దరూ విప్పుతున్నారు. వాటి మీద మీకున్న ప్రేమ నాకు లేదనుకో. కానీ ఆ ప్రేమతోనే వాటి కాళ్ళు పోతున్నాయి."

 నాంచారి కూడా అరుగు మీద దూరంగా కూలబడింది. అన్నందుకు బాధ, ఇన్నాళ్ళూ అనకుండా ఉన్నందుకు కోపం. ఎర్రకోడి ఇద్దరి మధ్యా అటూ ఇటూ నడిచింది.

చివరికి కోటమ్మే గొంతు విప్పింది.

"గాలివాన సంవత్సరం నీకు తెలీదు," అంది. "చేలన్నీ నీళ్ళల్లో పోయాయి. నీ మొగుడప్పుడు చంకలో పిల్లాడు. మిల్లు దగ్గరికి పోయి తవుడు అడిగి తెచ్చేదాన్ని. గొడ్లకని చెప్పేదాన్ని. ఇంటికొచ్చి జల్లించి, బెల్లం ఉంటే బెల్లం, లేకపోతే ఉప్పు వేసి, రొట్టె కాల్చి పిల్లలకి పెట్టేదాన్ని. ఒకరోజు ఒకావిడ వచ్చి చూసింది. కోటమ్మ గొడ్ల తిండి పిల్లలకి పెడుతోందని ఊరంతా చెప్పింది. ఆ రోజే అనుకున్నాను. మంచి రోజులొస్తే నా గడపలో ఏ పిల్లకీ తవుడు పెట్టకూడదని. కోడిపిల్లయినా సరే, బాతుపిల్లయినా సరే."

నాంచారి వింది. ఆమెకి ఇప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కోపం కొంత తగ్గింది. కొంతే. ఎందుకంటే అవతల గోనె మీద పిల్లలు ఇంకా దేకుతూనే ఉన్నాయి.

అప్పుడే ఏడుకొండలు చెరువు నించి వచ్చాడు. వల భుజాన వేసుకుని, ఏం జరిగిందో తెలియక వాకిట్లో నిలబడ్డాడు.

"బావా," అంది నాంచారి. "వల కింద పెట్టు. లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి కట్టు."

"ఎందుకే?"

"కట్టమన్నానా."

ఆమె మొహం చూసి ఏడుకొండలు మారుమాట లేకుండా కట్టాడు. ఆ కాళ్ళు చూడాలి. తాటిమొద్దుల్లా ఉండేవి. రొమ్ము లోతు నీళ్ళల్లో రోజంతా నిలబడి వల లాగే కాళ్ళు అవి. పిక్కలు రాళ్ళలా ఉండేవి.

"చూడత్తా," అంది నాంచారి. "తవుడు రొట్టె తిన్న పిల్లాడు బావే. ఊళ్ళో ఇలాంటి కాళ్ళు ఇంకెవరికున్నాయో చూపించు."

ఏడుకొండలు సిగ్గుతో ఒక కాలు ఇంకో కాలి వెనక దాచబోయాడు.

కోటమ్మ కొడుకు కాళ్ళ వైపు చూసింది. "వాడికి వాళ్ళ నాన్న కాళ్ళు వచ్చాయి," అంది మొండిగా.

"రూపం మామయ్యదే. నేను కాదనను. బలం ఎవరు పెట్టారు? నువ్వు. ఆ ఏడాది నువ్వు పెట్టింది తక్కువ తిండి కాదత్తా. అదే పెట్టకపోయి ఉంటే బావ కూడా ఆ పిల్లల్లాగే దేకేవాడు."

 కోటమ్మ కొడుకు కాళ్ళనే చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ ఉంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా దాన్నొక తప్పులా మోసింది మరి. ఎవరూ చూడకుండా తినిపించిన ఆ రొట్టెల్లో నిలబడే శక్తి ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత లేచి, తవుడు గిన్నె దగ్గరికి వెళ్ళింది. వేళ్ళతో తీసి చూసింది. వాసన చూసింది. మొహం చిట్లించింది.

"ఏమే, ఇది జల్లించావా?" అంది.

"లేదత్తా."

"ఊక ఊకలాగే ఉంది. ఇలా పెడతారా ఎక్కడైనా? తవుడు పెట్టడం రానిదానివి నాకెందుకు చెప్పవు?"

నాంచారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జల్లెడ తెచ్చి ఇచ్చింది.

ఇంక చూడు, మర్నాటినించి కోటమ్మ హడావుడి. పొద్దున్నే తవుడు జల్లించేది. వాసన చూసి బాగుంటేనే పెట్టేది. చిన్న చేపలు ఉడకబెట్టి ముళ్ళు తీసి కలిపేది. నీళ్ళ పళ్ళెం ఖాళీ కానిచ్చేది కాదు. ఇంతలో ఇంకో తంటా వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన పొడి మంచిదని తెలిసింది కదా, మంచిదైతే రెట్టింపు వేస్తే రెట్టింపు మంచి జరుగుతుందని ఆమె లెక్క. నాంచారి పొడి డబ్బాని బియ్యం డ్రమ్ములో దాచింది. కోటమ్మ వెతికి పట్టుకుంది. పెట్టెలో పెట్టింది. అదీ పట్టుకుంది. చివరికి నాంచారి దాన్ని నడుముకి కట్టుకుని పనికి వెళ్ళింది.

ఏడుకొండలు ఫ్లెక్సీ తీసుకెళ్ళి కోళ్ళగూడు పైన కప్పాడు. పెళ్ళికొడుకు అక్కడ ఎండకి ఎండాడు, వానకి తడిశాడు. ఆ తర్వాత ఏడుకొండలు పెద్ద బేసిన్ తెచ్చి గోరువెచ్చటి నీళ్ళు పోశాడు. పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ పొట్ట కింద చెయ్యి పెట్టి నీళ్ళల్లో పట్టుకున్నాడు. నేల మీద చచ్చుబడినట్టున్న కాళ్ళు నీళ్ళల్లో నెమ్మదిగా కదిలాయి. ఒకసారి తన్నాయి. ఆ తర్వాత ఇంకోసారి.

"తన్నిందే," అన్నాడు ఏడుకొండలు. చుక్కలు మొహాన పడ్డా తుడుచుకోలేదు.

పక్కనే ఎర్రకోడి. పిల్లల్ని ముంచేస్తున్నారని దాని గోల దానిది. బేసిన్ చుట్టూ తిరుగుతూ ఏడుకొండలి చెయ్యి పొడిచింది. నాంచారి దాన్ని చంకలో పెట్టుకుని, "నీ బాధ నాకు తెలుసు, ఊరుకో," అంది. ఆ ఇంట్లో ఆమె బాధ అర్థమయ్యేది ఆ కోడికొక్కదానికే అనిపించింది.

అలా చేస్తూ చేస్తూ ఉండగా, మొదట ఒక పిల్ల లేచి నిలబడింది. గోనె పట్టా మీద వేళ్ళు విప్పి, తూలి, మళ్ళీ నిలదొక్కుకుంది. ఆ తర్వాత ఇంకోటి. కాళ్ళు విడిపోయినదానికి పేలిక విప్పే రోజు కోటమ్మ దగ్గరుండి విప్పించింది. అది నాలుగడుగులు వేసి నీళ్ళ పళ్ళెంలో మొహం పెట్టింది.

కీలు వాచినదాన్ని నాంచారి మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నరం సర్ది కట్టు కట్టింది. అది నడిచింది, కానీ కుంటుతూ నడిచింది. ఎన్నాళ్ళైనా ఆ కుంటు పోలేదు. "ముందే మళ్ళీ తెచ్చి ఉంటే," అని డాక్టరమ్మ అనబోయి, నాంచారి మొహం చూసి ఆపేసింది. కోటమ్మ ఆ కుంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని తినిపించేది.  చనిపోయిన పిల్ల పేరెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేది. నాంచారి కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

రెక్కలు వచ్చాక పిల్లల్ని కాలవకి వదిలారు. ముందు గట్టు మీద తచ్చాడాయి. ఆ తర్వాత ఒకటి దూకింది. ఇంక అన్నీ దూకాయి. కుంటిది కూడా దూకింది. నీళ్ళల్లో కుంటు ఏముంది, అన్నింటిలాగే ఈదింది. ఎర్రకోడి గట్టు మీద పరుగెత్తుతూ ఊరు లేచేలా అరిచింది.

ఊళ్ళో వాళ్ళందరూ చూశారు. దేకిన పిల్లలు ఈదుతున్నాయని చెప్పుకున్నారు. కొన్నాళ్ళకి వీధి చివరి తిరపతమ్మ పరుగున వచ్చింది. ఆమె బాతుపిల్లలు కూడా కూలబడ్డాయట.

వచ్చి ఎవర్ని అడిగింది? నాంచారిని కాదు. "కోటమ్మత్తా, ఏం చేశావో చెప్పు," అంది.

కోటమ్మ కొంగు సర్దుకుంది. "ఏముందే," అంది. "పిల్లలకి తవుడు పెట్టాలి. జల్లించి పెట్టాలి. కింద గోనె వెయ్యాలి. జారే నేల మీద ఉంచుతారా ఎవరైనా? మా నాంచారి మొదట్లో సన్నబియ్యం పెట్టనిచ్చింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు పాపం. నేను చెప్పాక నేర్చుకుంది."

నాంచారి గుమ్మంలో నిలబడి వింటోంది. నోరు తెరిచింది. ఏడుకొండలు పక్కనించి, "వద్దే," అన్నట్టు చూశాడు. నాంచారి నోరు మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది. లోపలికి వెళ్ళి ఒక గిన్నె తీసి తోముదామని చూస్తే అన్నీ అప్పటికే తోమి ఉన్నాయి.

"తిరపతమ్మా," అంది చివరికి బయటికొచ్చి, "ఆ మందు పొడి డాక్టరమ్మ దగ్గర అడిగి తెచ్చుకో. కీలు వాచినదేదైనా ఉంటే ఆగకుండా ఇవాళే తీసుకెళ్ళు. మా అత్త చెప్పిందాంతోపాటు ఇది కూడా చెయ్యి." అంతకు మించి ఒక్క మాట అనలేదు. పిల్లలు బతకడం ముఖ్యం కదా.

కోటమ్మ అప్పటికే తవుడు డబ్బా చంకనెత్తుకుంది. "నేనొచ్చి చూస్తా పద," అని వీధిలోకి దిగింది. దిగిందంటే మామూలుగా కాదు. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, తిరపతమ్మని దాటుకుని, గట్టు మీద గబగబా నడిచిపోయింది. "నాంచారీ, గోనె పట్టుకురా," అని ముందునించి కేకేసింది.

నాంచారి గోనె భుజాన వేసుకుని వెనకాల నడిచింది. కోపంగానే నడిచింది. కొంతదూరం పోయాక ఎండకి, గోనె బరువుకి ఆయాసం వచ్చింది. "అత్తా, కాస్త మెల్లగా నడు," అంది.

కోటమ్మ ఆగి వెనక్కి తిరిగింది. కోడల్ని కిందనించి పైదాకా చూసింది.

"ఏమే, నీకు కూడా తవుడు పెట్టాలా?" అంది.

నాంచారి గట్టు మీదే నిలబడిపోయింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి గోనె కింద పడేసింది. కోటమ్మ వచ్చి గోనె తీసి కోడలి భుజాన వేసి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

అంతే. ఇంక కళ్ళు మూసుకో.

కథ కంచి దారి పట్టింది,
బాతు కాలవ దారి పట్టింది,
కోడి గట్టున అలక పట్టింది,
మా చిట్టితల్లికి కునుకు పట్టింది.